మాంద్యం వస్తే పన్ను తగ్గించాలా, ఖర్చు పెంచాలా? 2008, 2020 చూసి చెప్పండి

కృష్ణాతీరం
2008లో కేంద్రం ఎక్సైజ్ సుంకం తగ్గించింది. 2020లో బియ్యం పంచింది, ఉపాధి హామీకి డబ్బు పెంచింది, అప్పులకు గ్యారంటీ ఇచ్చింది. వీటన్నిటినీ ‘ఉద్దీపన’ అని ఒకే గాటన కడుతున్నారు. ప్రభుత్వం కలగజేసుకోవాలా వద్దా అన్నది కాదు నా ప్రశ్న. ఏ దారిలో డబ్బు త్వరగా జనం చేతికి అందుతుంది? ఏది తర్వాత తలనొప్పి అవుతుంది?

పద్దు
పన్ను కోత ఒక్క నోటిఫికేషన్‌తో అమల్లోకి వస్తుంది, దాని బలం అదే. 2008 డిసెంబరులో ఎక్సైజ్ 14 నుంచి 10 శాతానికి, 2009 ఫిబ్రవరిలో 8కి దించారు. కానీ అది ఫ్యాక్టరీ గేటు దగ్గర పడే పన్ను. డీలరు గోడౌనులో ఉన్నది పాత పన్ను కట్టిన సరుకు. అది అమ్ముడుపోయి కొత్తది వచ్చేదాకా దుకాణంలో ధర కదలదు, వచ్చాక కూడా ఎంత తగ్గించాలో కంపెనీ ఇష్టం. కూలి పోయినవాడికి ఇందులో ఒరిగేది చాలా తక్కువ.

అసలు తలనొప్పి వెనక్కి తీసుకోవడంలో ఉంది. ఎక్సైజ్ మళ్లీ 10కి చేరింది 2010 బడ్జెట్‌లో, 12కి చేరింది 2012లో. ఈలోగా ధరలు మండిపోతుంటే రిజర్వు బ్యాంకు 2010 మార్చి నుంచి 2011 అక్టోబరు వరకు 13 సార్లు రెపో (బ్యాంకులకు తానిచ్చే అప్పు మీద వడ్డీ రేటు) పెంచి 8.5 శాతానికి తీసుకెళ్లింది. ఒక కాలు బ్రేకు మీద, ఇంకో కాలు యాక్సిలరేటరు మీద పెట్టినట్టయింది.

ఒక జాగ్రత్త. 2008-09లో కేంద్రం ద్రవ్య లోటు (రాబడికి మించిన ఖర్చు) అంచనా జీడీపీలో 2.5 శాతం, తేలింది 6. ఆ పెరుగుదలంతా ఉద్దీపన కాదు. రైతు రుణమాఫీ, ఆరో వేతన సంఘం జీతాలు అమెరికా బ్యాంకు లేమాన్ కూలకముందే నిర్ణయమైపోయాయి.

మస్టరు
వేగం విషయంలో ఉపాధి హామీనే ముందు చెప్పాలి. 2020-21 బడ్జెట్‌లో 61,500 కోట్లు, మేలో మరో 40,000 కోట్లు ఇచ్చారు. ఆ ఏడాది సుమారు 389 కోట్ల పని దినాలు నడిచాయి. 2006లో అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైన పథకం, జాబ్ కార్డులూ మేట్లూ (కూలీల పని చూసేవాళ్లు) అప్పటికే ఊళ్లో ఉన్నారు కాబట్టే సాధ్యమైంది.

అప్పట్లో ఆగింది ఎక్కడంటే: పని అడిగిన 15 రోజుల్లో చూపాల్సి ఉండేది, మస్టరు (హాజరు పట్టీ) మూసిన 15 రోజుల్లో కూలి పడాల్సి ఉండేది. ఈ మధ్యలో కొలతలు, వేతన జాబితా, ఎఫ్‌టీవో (ఖాతాకు డబ్బు పంపే ఉత్తర్వు) ఉండేవి. కొలతలు ఆలస్యమైతే అన్నీ వెనక్కి పోయేవి. ఖాతాకూ ఆధార్‌కూ పొంతన కుదరకపోతే పంపిన డబ్బు తిరిగొచ్చేది. ఆలస్యానికి రోజుకు 0.05 శాతం పరిహారం అని రాశారు గానీ, 2,000 రూపాయల కూలికి అది రోజుకు ఒక్క రూపాయి. ఇక హైదరాబాద్ నుంచి ఊరికి చేరినవాళ్లు పని అడగగలిగారు, పథకం పల్లెలకే కాబట్టి బస్తీలోనే ఉండిపోయినవాళ్లకు ఆ హక్కే లేకపోయింది.

కృష్ణాతీరం
మరి 2020లో చిన్న వ్యాపారాలకు ప్రకటించిన 3 లక్షల కోట్ల గ్యారంటీ అప్పుల సంగతేంటండీ?

పద్దు
2020 ఫిబ్రవరి 29 నాటికి ఉన్న బాకీలో 20 శాతం వరకు కొత్త అప్పు, నాలుగేళ్ల గడువు, మొదటి ఏడాది అసలు కట్టక్కర్లేదు, బ్యాంకుకు నూటికి నూరు శాతం గ్యారంటీ. అప్పటికే బ్యాంకు అప్పున్నవాళ్లను నిలబెట్టింది. వడ్డీ వ్యాపారి దగ్గర తెచ్చుకున్న చిన్న దుకాణదారు లెక్కలోకే రాలేదు.

గోదారిగట్టు
రాష్ట్రాలను ఎవరూ తలచుకోలేదు. మాంద్యంలో వాటి రాబడి పడిపోతుంది, అప్పు పరిమితి మాత్రం జీఎస్‌డీపీలో (రాష్ట్ర స్థాయి జీడీపీలో) 3 శాతం దగ్గరే ఉంటుంది. జీతాలు, పెన్షన్లు ఆపలేరు కాబట్టి కోత మొదట పడేది రోడ్లు, ప్రాజెక్టుల బిల్లుల మీద. కేంద్రం ఒకవైపు పోసేది ఇటు ఇంకిపోతుంది. 2020లో పరిమితిని 5 శాతం చేశారు గానీ, అదనపు 2లో షరతు లేకుండా ఇచ్చింది మొదట అర శాతమే. ఒకే రేషన్ కార్డు, సులభ వాణిజ్యం, పట్టణ సంస్థలు, విద్యుత్తు - ఒక్కో సంస్కరణకు పావు శాతం. మూడు పూర్తిచేస్తే ఇంకో అర. రేషన్ కార్డు షరతు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ పూర్తిచేశాయి. షరతులు మంచివే, కానీ అవి మామూలు ఏడాదిలో పెట్టాలి. రాబడి ఇంత శాతం పడితే పరిమితి దానంతటదే ఇంత సడలుతుంది, రాబడి కోలుకుంటే మళ్లీ బిగుస్తుంది అని చట్టంలోనే ముందుగా రాసి ఉంచాలి.