కారు రెంట్‌కి తీసుకుంటే క్రెడిట్ కార్డ్ ఇన్సూరెన్స్ ఉంది కదా, కౌంటర్ దగ్గర వాళ్ళ కవర్ వద్దనేయొచ్చా?

పన్నెండురోజులట్రిప్:

వచ్చే నెల ఫ్యామిలీతో వేరే దేశం వెళ్తున్నాం, అక్కడ పన్నెండు రోజులకి కారు రెంట్‌కి బుక్ చేశా. ఇది మొదటిసారి. బుకింగ్ సైట్ అడుగడుగునా డ్యామేజ్ కవర్ తీసుకో తీసుకో అని వెంటపడింది, రోజుల లెక్కన వేసి చూస్తే కారు అద్దెలో సగం దాకా వస్తోంది. మా ఆయనేమో ఆ కవర్ తన క్రెడిట్ కార్డ్‌లో ఫ్రీగా వస్తుంది, డబ్బులు దండగ చెయ్యకు అంటున్నారు. కార్డ్ వాళ్ళ బుక్‌లెట్ తెరిచా, పన్నెండు పేజీలు ఉంది, రెండో పేజీకే నిద్రొచ్చింది. సెకండరీ అంట, సీడీడబ్ల్యూ అంట, ఎల్డీడబ్ల్యూ అంట.

బుకింగ్ నా పేరు మీద ఉంది, ఎందుకంటే నడిపేది నేనే. డబ్బులు మాత్రం ఆయన కార్డ్ మీద కడతాం. వద్దు అని చెప్పి ధైర్యంగా తాళాలు తీసుకోవచ్చా? కౌంటర్ దగ్గర భయపెడతారని విన్నా.

పాతటైరు:

ఆగండాగండి. మీరు ఆఖర్లో మామూలుగా రాసేసిన ఆ లైన్ దగ్గరే మొత్తం కథ ఉంది. బుకింగ్ మీ పేరు, కార్డ్ ఆయన పేరు. చాలా కార్డులకి ఉండే షరతు ఏంటంటే కార్డ్ ఎవరిదో వాళ్ళే అగ్రిమెంట్‌లో మెయిన్ రెంటర్ అయ్యుండాలి. నడిపేది ఎవరైనా పర్లేదు, ఆ అగ్రిమెంట్‌లో అడిషనల్ డ్రైవర్‌గా పేరు రాయిస్తే వాళ్ళకీ వర్తిస్తుంది. మీరు ఇప్పుడున్నట్టు వెళ్తే రేపు గీత పడినప్పుడు "మా కస్టమర్ కారు అద్దెకే తీసుకోలేదు కదా" అని క్లెయిమ్ మూసేస్తారు, అందులో వాళ్ళ తప్పు కూడా ఏం లేదు.

ఇంక మిగతా షరతులు. అద్దె మొత్తం ఆ కార్డ్ మీదే పడాలి, సగం ఇందులో సగం ఇంకోదాంట్లో అంటే కుదరదు, డెబిట్ కార్డ్ అయితే అసలు మాట్లాడక్కర్లేదు. రెంటల్ వాళ్ళ సీడీడబ్ల్యూ (అదే, కౌంటర్ దగ్గర అమ్మే డ్యామేజ్ కవర్) వద్దు అని చెప్పాలి, చెప్పినట్టు అగ్రిమెంట్ కాగితం మీద కూడా కనపడాలి. చాలామంది "రెండూ ఉంటే ఇంకా సేఫ్ కదా" అని అది కూడా తీసుకుంటారు, అప్పుడు కార్డ్ కవర్ దానంతటదే పోతుంది.

అసలు సీడీడబ్ల్యూ అంటే ఇన్సూరెన్స్ కూడా కాదు, కారుకి దెబ్బ తగిలితే మీ దగ్గర వసూలు చేసే హక్కు మేం వదులుకుంటాం అని రెంటల్ కంపెనీ ఇచ్చే మాట, అంతే. ఎల్డీడబ్ల్యూ అంటే అందులో దొంగతనం కూడా కలిసినట్టు.

పన్నెండురోజులట్రిప్:

అయ్యో. మా ఆయన లైసెన్స్ ఎక్స్‌పైర్ అయ్యి ఎనిమిది నెలలైంది, రెన్యూ చేయించండి అని నేను చెప్తూనే ఉన్నా. ఆయన మెయిన్ రెంటర్ ఎలా అవుతారు ఇప్పుడు 🙄 నాకూ ఒక కార్డ్ ఉంది కానీ మామూలుది, ఎయిర్‌పోర్ట్ లాంజ్ కూడా రాదు దానికి.

హైవేమీద_టీ:

అక్కా లాంజ్‌కీ దీనికీ సంబంధం లేదు, ఏ కార్డ్ బెనిఫిట్ దానిదే. ఖరీదైన కార్డ్ కదా ఉంటుందిలే అనుకోవద్దు, మామూలు కార్డ్ కదా ఉండదులే అని కూడా అనుకోవద్దు. అమెరికాలో డిస్కవర్ అనే కార్డ్ కంపెనీ 2018లో ఈ కవర్ తీసేసింది, సిటీబ్యాంక్ వాళ్ళు 2019 సెప్టెంబర్‌లో చాలా కార్డుల మీద తీసేశారు, ఆ సంగతి తెలియక పాత ధైర్యంతోనే కౌంటర్ దగ్గర వద్దు అనేసినవాళ్ళు ఎంతమంది ఉంటారో. కాబట్టి ఈ ఏడాది బుక్‌లెట్ చూడు, లేదంటే కార్డ్ వెనక నంబర్‌కి ఫోన్ చేసి బెనిఫిట్స్ వాళ్ళకి కలపమను. మామూలు కస్టమర్ కేర్ వాళ్ళకి ఇది తెలీదు, "ఉంది మేడమ్" అనేస్తారు.

సెకండరీ గురించి. సెకండరీ అంటే ముందు నీ సొంత కారు పాలసీ కట్టాలి, అది కట్టనిది (డిడక్టిబుల్ లాంటివి, అంటే పాలసీ ఉన్నా మన జేబులోంచి కట్టాల్సిన ముక్క) కార్డ్ వాళ్ళు ఇస్తారు. ప్రైమరీ అంటే సొంత పాలసీని కదపక్కర్లేదు, ప్రీమియం పెరుగుతుందన్న బెంగ ఉండదు. కానీ నీ విషయంలో ఇది పెద్ద తేడా కాకపోవచ్చు, ఎందుకంటే సొంత దేశం బయట అద్దెకి తీసుకున్నప్పుడు చాలా వీసా కార్డుల్లో సెకండరీ కూడా ప్రైమరీలాగే పనిచేస్తుంది. సొంత కారు పాలసీ లేనివాళ్ళకి కూడా అంతే.

దేశాల లిస్ట్ మాత్రం చూసుకో. అమెక్స్ (అమెరికన్ ఎక్స్‌ప్రెస్) కార్డుల కవర్ ఆస్ట్రేలియా, ఇటలీ, న్యూజీలాండ్‌లో పనిచెయ్యదు. కొన్ని వేరే కార్డులకి ఐర్లాండ్, ఇజ్రాయెల్, జమైకా ఉండవు.

గీతపడ్డబంపర్:

నేను క్లెయిమ్ చేసినవాణ్ణి, నా గోల వినండి. పార్కింగ్‌లో పెట్టి భోజనానికెళ్ళి వచ్చేసరికి ఎవడో వెనక బంపర్ గీసి పోయాడు. కారు తిరిగిచ్చేటప్పుడు రెంటల్ వాడు నవ్వుతూనే ఫామ్ రాయించుకున్నాడు, అయిదు రోజులకి కార్డ్ మీద డబ్బులు లాగేశాడు. ఇది చాలామందికి తెలియని సంగతి, కార్డ్ కవర్ అంటే కౌంటర్ దగ్గర కార్డ్ చూపిస్తే వాళ్ళే చూసుకుంటారు అనుకుంటారు, కాదు, ముందు మనమే కట్టుకోవాలి, తర్వాత కాగితాలన్నీ పోగేసి పంపితే అప్పుడు వెనక్కి ఇస్తారు.

కాగితాలంటే కార్డ్ స్టేట్‌మెంట్, తీసుకున్నప్పటి అగ్రిమెంట్, తిరిగిచ్చినప్పుడు ఇచ్చే ఫైనల్ అగ్రిమెంట్, డ్యామేజ్ రిపోర్ట్, రిపేర్ ఎస్టిమేట్, ఫోటోలు. ఎస్టిమేట్ కోసం రెంటల్ వాళ్ళని నేను బతిమాలింది బతిమాలినట్టే ఉంది, ఆరు మెయిల్స్ పెట్టా. దానికి తోడు బిల్లులో లాస్ ఆఫ్ యూజ్ అని ఒక లైన్ ఉంది, అంటే కారు షెడ్‌లో ఉన్నన్ని రోజులూ అద్దె పోయింది కాబట్టి అది కూడా నువ్వే కట్టు అని. అది ఇవ్వాలంటే కార్డ్ వాళ్ళు ఫ్లీట్ యుటిలైజేషన్ లాగ్ కావాలన్నారు, అంటే ఆ రోజుల్లో వాళ్ళ దగ్గర వేరే కార్లు ఖాళీగా లేవు, ఇది ఉంటే అద్దెకి పోయేదే అని రుజువు. ఆ లాగ్ రెంటల్ వాళ్ళు ఇచ్చారా? ఇవ్వలేదు. ఆ ముక్క నా నెత్తినే పడింది. రిపేర్ డబ్బులు మాత్రం పూర్తిగా వచ్చాయి, మూడు నెలలు పట్టింది. కారు విలువ తగ్గిపోయిందని డిమినిష్డ్ వాల్యూ కూడా వేస్తుంటారు కొందరు, అది చాలా కార్డులు ఇవ్వవు.

ఇంకోటి, గడువు. కొందరికి 30 రోజుల్లో చెప్పాలి, కొందరికి 45, కొందరికి 60. ఇంటికెళ్ళాక చూద్దాంలే అనుకోకండి, అక్కడినుంచే ఫోన్ కొట్టేయండి.

పాతటైరు:

బంపర్ గారు చెప్పింది నిజం. కానీ అందరూ కారు దగ్గరే ఆగిపోతున్నారు. కార్డ్ కవర్ మీరు నడిపే కారుకి మాత్రమే. మీరు వెళ్ళి ఎవరినైనా గుద్దితే వాళ్ళ కారుకి, వాళ్ళ ఒంటికి ఒక్క పైసా రాదు. కారులో ఉన్నవాళ్ళ ఆసుపత్రి ఖర్చు కూడా చాలా కార్డుల్లో ఉండదు, పోయిన ల్యాప్‌టాప్ సరేసరి. గీత పడితే ఏదో రకంగా కట్టుకుంటాం, మనిషికి తగిలితే జీవితాంతం కట్టాలి. చాలా దేశాల్లో థర్డ్ పార్టీ లయబిలిటీ అద్దెలోనే కలిపి ఉంటుంది, అమెరికాలో మాత్రం కౌంటర్ దగ్గర విడిగా అమ్ముతారు, అక్కడ చాలా రాష్ట్రాల్లో అద్దెలో వచ్చేది తక్కువ. నన్నడిగితే డ్యామేజ్ కవర్ వద్దనండి, ఇది మాత్రం ఎంత ఉందో అడిగి చూడండి.

నాకెందుకీగొడవ:

ఇదంతా చదివాక నాకైతే వాళ్ళ కవర్ తీసుకోవడమే నయం అనిపిస్తోంది. సెలవుకి వెళ్ళి లాగ్‌ల కోసం మెయిల్స్ పెట్టుకుంటూ కూర్చోవాలా? పైగా వద్దంటే కార్డ్ మీద డిపాజిట్ బ్లాక్ పెద్దది పెడతారు, లిమిట్ తక్కువున్న కార్డ్ అయితే ఆ రోజు హోటల్ డబ్బులు కూడా పడవు.

హైవేమీద_టీ:

డిపాజిట్ మాట కరెక్టే, లిమిట్ చూసుకోవాలి. కానీ వాళ్ళ కవర్ అంటే అన్నీ పోతాయి అనుకోవద్దు తమ్ముడూ, చాలాచోట్ల దానికీ ఎక్సెస్ ఉంటుంది, అంత వరకు మనమే కట్టాలి. టైర్లు, అద్దాలు, కారు అడుగుభాగం బయట పెడతారు, అవి కావాలంటే సూపర్ కవర్ అని ఇంకోటి. అక్కా ఒకవేళ కార్డ్ మీదే వెళ్తే బెనిఫిట్స్ వాళ్ళని కవరేజ్ లెటర్ అడుగు, మెయిల్‌లో పంపిస్తారు. ఐర్లాండ్ లాంటిచోట కౌంటర్ వాళ్ళు అది చూపించమని అడుగుతారు, చూపించకపోతే కారు ఇవ్వరు లేదా వాళ్ళది కొనమంటారు.

పన్నెండురోజులట్రిప్:

అప్‌డేట్. నా మామూలు కార్డ్‌కి ఫోన్ చేశా, నలభై నిమిషాలు హోల్డ్. ఉంది! మేం వెళ్ళే దేశం కూడా ఉంది, 31 రోజుల వరకు అంట. రోజులు దాటితే అదనపు రోజులకే కాదు మొదటి రోజు నుంచీ కవర్ పోతుందని కూడా చెప్పింది ఆ అమ్మాయి. లెటర్ రేపటికి వస్తుందట. బుకింగ్ నా పేరునే ఉంచి నా కార్డ్ మీద కడుతున్నా. లిమిట్ సరిపోదని దానికి ముందే కొంత కట్టి పెట్టా.

మా అత్తమామలు కూడా వస్తున్నారు కాబట్టి ఏడు సీట్లది తీసుకున్నా, అది పర్లేదా?

గీతపడ్డబంపర్:

ఏడు సీట్లది మామూలుగా పర్లేదు, పన్నెండు సీట్ల వ్యాన్లు, ట్రక్కులు, పాతకాలం కార్లు, బాగా ఖరీదైన స్పోర్ట్స్ కార్లు అయితే ఉండవు. ఎవరో సొంత కారు యాప్‌లో అద్దెకిచ్చేవి కూడా ఎక్కువగా ఉండవు. మట్టి రోడ్డు మీదకి మాత్రం దింపకండి, అగ్రిమెంట్‌లో వద్దని రాస్తారు, అది తప్పితే కార్డ్ వాళ్ళు కూడా చేతులెత్తేస్తారు. తాళాలు తీసుకోగానే చుట్టూ తిరిగి వీడియో తియ్యండి, రిమ్ములు, టాప్ కూడా. తిరిగిచ్చేటప్పుడు మళ్ళీ ఒకటి. రాత్రిపూట ఎవరూ లేనప్పుడు తాళాలు బాక్స్‌లో వేసి వచ్చేయకండి, మనిషి వచ్చి చూసి సంతకం పెట్టేదాకా అక్కడే నిలబడండి.

పన్నెండురోజులట్రిప్:

మా ఫ్లైట్ తెల్లవారుజామున నాలుగింటికి 😩 ముందురోజు సాయంత్రమే ఇచ్చేస్తాం లెండి.