ఎరిక్ డాల్ఫీకి ఫ్లూట్ రెండో వాద్యమేనా?

రీడ్‌రాగం:
అమెరికన్ జాజ్ వాద్యకారుడు డాల్ఫీ (1928–1964) ముమ్మాటికీ ఆల్టో శాక్సఫోన్ మనిషి. ఫ్లూట్ నాదపు రంగు మార్చడానికి పట్టుకున్నదే. 1964 ఫిబ్రవరి 25న రికార్డయిన 'అవుట్ టు లంచ్' ఆల్బమ్ చూడండి. ఐదు ట్రాకుల్లో రెండు ఆల్టో, రెండు బేస్ క్లారినెట్. ఫ్లూట్ ఒక్కటే, 'గజెల్లోనీ'.

గాలిమెట్లు:
ఆ ఒక్కదానికీ ఎవరి పేరు పెట్టాడండీ? ఇటలీ ఫ్లూట్ విద్వాంసుడు సెవెరీనో గజెల్లోనీది. రంగు కోసమే అయితే 1962లో కాలిఫోర్నియాలోని ఓహాయ్ సంగీతోత్సవంలో స్వరకర్త వరేజ్ రాసిన 'డెన్సిటీ 21.5' ఎందుకు వాయిస్తాడు? అది ఒంటి ఫ్లూట్ కోసం రాసింది, ఊపిరి తడబడితే కప్పిపుచ్చే డ్రమ్స్ ఉండవు. పైగా నాయకుడిగా తొలి ఆల్బమ్ రికార్డయింది 1960 ఏప్రిల్‌లో, మనిషి పోయింది 1964 జూన్ 29న. నాలుగేళ్ల పనిని ట్రాకులు లెక్కపెట్టి తూచడం అన్యాయం.

ఆల్టోకీ:
రీడ్‌రాగం గారూ, చేతుల పని కూడా చూడాలి. వేళ్ల అమరిక రెండింటికీ దగ్గరే, చిక్కంతా ఆ దగ్గరితనంలోనే ఉంది. ఎఫ్ షార్ప్‌కి కుడిచేతిలో శాక్స్ మీద మధ్యవేలు, ఫ్లూట్ మీద ఉంగరపు వేలు. ఫ్లూట్‌లో చాలా స్వరాలకి కుడి చిటికెన వేలు ఇ ఫ్లాట్ కీని నొక్కి ఉంచాలి. శాక్స్ అలవాటుతో దాన్ని వదిలేస్తే శ్రుతి, నాదం రెండూ చెడతాయి. ఆల్టోలో వేళ్లు పెట్టే స్వరం పేరు ఒకటి, పలికేది ఇంకొకటి: ఫ్లూట్‌లో సి పలికించే చోట ఆల్టో మీద ఎ వేళ్లు పెట్టాలి.

పెదవి సంగతి మరీ కష్టం. ఆల్టో ఊదినంతసేపూ కింది పెదవి పళ్లకీ రీడ్‌కీ (ఊదితే కంపించే పలచటి బద్దకి) మధ్య నలుగుతుంది. అదే పెదవితో వెంటనే ఫ్లూట్ అందుకుంటే గాలిదారి వెడల్పయిపోతుంది. కింది డి, సి పలకవు, లేదా పై స్థాయికి ఎగిరిపోతాయి. ఈలోగా స్టాండ్ మీదున్న ఫ్లూట్ చల్లబడి శ్రుతి దిగిపోతుంది. కీలన్నీ మూసి, ఊదే రంధ్రాన్ని నోటితో కప్పి రెండు మూడు వెచ్చటి ఊపిర్లు వదలాలి. తలభాగాన్ని లోపలికి తోసి శ్రుతి సరిచేస్తే, వేడెక్కాక అదే పైకి పోతుంది.

రీడ్‌రాగం:
ఇవన్నీ ఒప్పుకుంటాను. కానీ డాల్ఫీ అంటే ఒక స్వరం నుంచి దూరపు స్వరానికి ఆ పెద్ద పెద్ద గంతులు, మనిషి మాట్లాడినట్టుండే విరుపులు. అవి పుట్టింది ఆల్టోలోనే కదా?

గాలిమెట్లు:
శాక్స్‌లో స్థాయి మార్చడానికి బొటనవేలి కింద కీ ఉంది. ఫ్లూట్‌లో ఇ నుంచి పైకి చాలా స్వరాలకి అవే వేళ్లు. మార్చాల్సింది పెదవి, గాలి కోణం, వేగం. మన వేణువు ఊదేవాళ్లకి తెలిసిన సంగతే. ఆల్టో మీది గంతు వేలితో వేసింది, ఫ్లూట్ మీది గంతు ఊపిరితో వేసింది. 1964 జూన్ 2న నెదర్లాండ్స్‌లోని హిల్వర్సమ్‌లో ఫ్లూట్ మీద వాయించిన 'యూ డోంట్ నో వాట్ లవ్ ఈజ్' వినండి. ఆ గంతుల్లో స్వరం తెగదు.

రీడ్‌రాగం:
అది విన్నాను. ఫ్లూట్ రంగు కోసమే అన్న నా వాదన వెనక్కి తీసుకుంటున్నా. ఆల్టోయే మొదటిది అన్న మాట మాత్రం వదలను.