ఢిల్లీ పాత తెలుగువాళ్ళూ, అప్పూ ఘర్ గుర్తుందా?

ఆర్కేపురం_పాతకాపు:
మొన్న పని మీద ఢిల్లీ వెళ్ళి సుప్రీం కోర్టు మెట్రోలో దిగాను, పాత ప్రగతి మైదాన్ స్టేషనే. మన చిన్నప్పటి అమ్యూజ్‌మెంట్ పార్కు అప్పూ ఘర్ ఉన్నవైపు ఇప్పుడు కోర్టు వాళ్ళ కొత్త భవనాలు. "నాన్న ఊగే కొలంబస్ ఓడెక్కి వాంతి చేసుకున్నది ఇక్కడే" అని మా అమ్మాయికి చూపిద్దామంటే ఏమీ మిగల్లేదు. లోపలికి టికెట్ ఎంత ఉండేది? ఎవరి దగ్గరైనా ఫొటోలున్నాయా?

మలక్‌పేట_శీను:
ఫొటోలా! ఏటా వేసవిలో ఏపీ ఎక్స్‌ప్రెస్ ఎక్కి మావయ్య ఇంటికెళ్ళేవాళ్ళం. ఆయన "రేపు అప్పూ ఘర్" అనేవాడు. మూడు వేసవులు రేపే. జూ చూపించి, పురానా ఖిలా దగ్గర పడవెక్కించి ఇంటికి తెచ్చేసేవాడు. చివరికి నాకే ఢిల్లీలో ఉద్యోగం వచ్చింది. చేరింది 2008 మార్చిలో. పార్కు ఫిబ్రవరిలో మూసేశారు.

గోదారి_గట్టు:
నేను 1983లోనే వెళ్ళా. ఆసియాడ్ (ఆసియా క్రీడలు) కోసం కట్టిందే కదా.

పాత_పేపర్లు:
కాదండి. ఆటలు 1982లో. అప్పూ ఆ ఆటలకి గుర్తుగా (మస్కట్‌గా) పెట్టుకున్న ఏనుగు, పేరు మాత్రమే అక్కడిది. పార్కు తెరిచింది 1984 నవంబరు 19న, రాజీవ్ గాంధీ చేతుల మీదుగా.

గోదారి_గట్టు:
నా ఎనిమిదో తరగతి నాకు తెలీదా? స్వెట్టర్ వేసుకుని జెయింట్ వీల్ ఎక్కాను. మీ పేపర్లు ఎక్కాయా?

పాత_పేపర్లు:
కోపం దేనికి? ఇందిరాగాంధీ పుట్టినరోజున తెరిచారు. ఆవిడ పోయి మూడు వారాలైనా కాలేదప్పటికి. అందుకే తేదీ గుర్తు.

కరోల్‌బాగ్_అత్త:
సిక్కుల మీద దాడులు జరిగిన ఆ నవంబరు గురించి తేలిగ్గా రాయకండి నాయనా. పక్కింటి సర్దార్జీ కుటుంబం మా వెనక గదిలో నాలుగు రాత్రులు దాక్కుంది. ఆ తర్వాతి వేసవిలో వాళ్ళబ్బాయినీ మా అమ్మాయినీ అప్పూ ఘర్ తీసుకెళ్ళాం. వాడు డాషింగ్ కారు దిగనంటే దిగనన్నాడు. మా ఆయన మళ్ళీ మళ్ళీ టికెట్ కొంటూనే ఉన్నారు.

రైడ్ల_బాబాయ్:
పాతికేళ్ళు ఇలాంటి రైడ్ల మెయింటెనెన్స్ చేసినవాణ్ణి, చెబుతా వినండి. ఓడ దానంతటది ఊగదు. కింద ఒక టైరు తిరుగుతుంది, ఓడ అడుగు దాని మీదికి వచ్చినప్పుడల్లా ఒక తోపు తోస్తుంది. చివరి సీట్లు అన్నిటికన్నా ఎత్తుకి లేచి పడతాయి. వాంతులు చేసుకునేది అక్కడ కూర్చున్నవాళ్ళే.

ఆర్కేపురం_పాతకాపు:
నేను మధ్యలోనే కూర్చున్నాను బాబాయ్.

రైడ్ల_బాబాయ్:
అయితే ముందు ఛోలే భటూరే తినుంటావు. అది నా డిపార్ట్‌మెంట్ కాదు.

త్రిశూర్_తెలుగమ్మాయి:
అసలు అప్పూ సంగతి తెలుసా? కుట్టినారాయణన్ అని కేరళ గున్న ఏనుగు. తర్వాత సెప్టిక్ ట్యాంకులో పడి కాలు విరిగింది, అది మళ్ళీ సరిగ్గా కుదురుకోనే లేదు. 2005లో పోయింది. పార్కు కన్నా మూడేళ్ళు ముందే.

నోయిడా_నాని:
ఏడుపులెందుకు, గుర్గావ్ సెక్టార్ 29లో అదే పేరుతో వాటర్ పార్కు పెట్టారుగా.

కరోల్‌బాగ్_అత్త:
పేరు పెడితే సరిపోతుందా? మా అమ్మాయిని ఇండియా గేట్ నుంచి నడిపించి తీసుకెళ్ళేదాన్ని. గుర్గావ్‌కి నడవమంటావా?

గోదారి_గట్టు:
మా అక్కకి ఫోన్ చేశా. 1983లో చూసింది ట్రేడ్ ఫెయిర్ అట. అప్పూ ఘర్ ఆ తర్వాత రెండేళ్ళకట. రెండూ ప్రగతి మైదానేగా, బుర్రలో కలిసిపోయాయి. స్వెట్టర్ మాత్రం నిజం.

పాత_పేపర్లు:
స్వెట్టర్ గురించి నేనేమీ అనలేదు.

ఆర్కేపురం_పాతకాపు:
ఇంతకీ టికెట్ ఎంత?

మలక్‌పేట_శీను:
మా మావయ్యకి తెలిసుండాలి. లేకపోతే అన్నిసార్లు "రేపు" ఎందుకంటాడు?