ఆకు అంచున గుడ్లు పెడుతున్న ఈ కందిరీగ ఏమిటి?

ప్రశ్న:
వర్జీనియాలో మా ఇంటి వెనుక ఓక్ అడవి ఉంది. జూన్ చివరలో అక్కడి పొదల్లో ఒక చిన్న నల్ల కందిరీగను చూశాను. ముఖం మీద తెల్లమచ్చలు, పొడవైన మీసాలు. ఆకు అంచు వెంట నడుస్తూ, పొట్ట చివర మడిచి అంచును నొక్కుతోంది. కొంచెం జరిగి మళ్లీ నొక్కుతోంది. దగ్గరలో గొంగళిపురుగు గానీ సాలీడు గానీ లేవు. ఉత్త ఆకుతో దానికేం పని?

జవాబు 1:
ఓక్ అడవి అంటున్నారు కాబట్టి ఆకులపై బుడిపెలు పుట్టించే కందిరీగ కావచ్చు.

జవాబు 2:
బుడిపెల కందిరీగల మీసాలకు కణుపులు తక్కువ. ఫోటో తీసి ఉంటే అందులో మీసాల కణుపులు లెక్కపెట్టండి. ఇరవై దాటితే, ఆకు అంచును ఇలా నొక్కడాన్ని బట్టి కూడా, అది బహుశా ట్రైగొనాలిడే అనే కందిరీగల కుటుంబానిదే. ప్రపంచం మొత్తంలో వంద జాతుల వరకే ఉన్న ఈ కుటుంబాన్ని ఏళ్ల తరబడి కీటకాలు సేకరించేవారు కూడా అరుదుగా చూస్తారు. మీకు కనిపించినందుకు నాకెంతో సంతోషంగా ఉంది!

ఇది వేలకొద్దీ గుడ్లను ఆకుల అంచుల్లో పెట్టి వెళ్లిపోతుంది. గుడ్డు దానంతటదే పగలదు. గొంగళిపురుగు ఆకుతోపాటు మింగితేనే పిల్ల బయటికొచ్చి, పేగును తొలుచుకుని దాని ఒంట్లోకి చేరుతుంది. అయినా చాలా జాతుల్లో ఆ గొంగళిపురుగు దానికి ఆహారం కాదు. అందులో అప్పటికే మరో పరాన్నజీవి, అంటే ఇక్న్యుమొనిడ్ కందిరీగ పిల్లో టాకినిడ్ ఈగ పిల్లో ఉండాలి. లేదా తరువాతైనా రావాలి. ట్రైగొనాలిడ్ పిల్ల ఆ పరాన్నజీవిలోకి దూరి దాన్ని తింటుంది. ఆ పరాన్నజీవి రాకపోతే ఈ పిల్ల బతకదు. అన్ని గుడ్లు ఎందుకో ఇక్కడే తెలుస్తుంది.

1929లో క్లాసెన్ అనే కీటక శాస్త్రవేత్త ఇలా ఇక్న్యుమొనిడ్ పట్టుగూళ్లలో పెరిగే జాతి గురించి వివరంగా రాశారు. ఇదే కుటుంబంలోని బారియోగొనాలస్ జాతులది ఇంకో దారి: గొంగళిపురుగును వేటాడిన కందిరీగలు దాన్ని నమిలి గూట్లోని తమ పిల్లలకు పెడతాయి, గుడ్లు వాటి కడుపులోకి పోతాయి. ఆస్ట్రేలియాలో ఒక జాతి మాత్రం మధ్యవర్తి లేకుండానే సాఫ్లై (కందిరీగలకు దగ్గరి చుట్టమైన కీటకం) పిల్లల్లో పెరుగుతుంది.

ప్రశ్న అడిగినవారు:
ఇరవైకి పైనే ఉన్నాయండీ! ఆ ఆకు కోసి తెచ్చి పెంచవచ్చా?

జవాబు 2:
ఆకు ఒక్కటే తెస్తే ఏమీ రాదు. ఆ పొదల మీద తిరిగే గొంగళిపురుగులను ఆ ఆకులే వేసి పెంచండి. వాటిలోంచి సీతాకోకచిలుకకు బదులు పరాన్నజీవి పట్టుగూడు బయటపడితే పారేయకండి. సీసాలో వేసి, మూతికి పలుచని గుడ్డ కట్టి, తేదీ, మొక్క పేరు రాసి వచ్చే వేసవి దాకా ఉంచండి. ఏ గూటిలోంచి వచ్చిందో రాసిపెట్టిన నమూనాలు ఈ కుటుంబానికి చాలా తక్కువ.