నాటుకోడి మెడ చాలదా, వేలు పోసి బయటి హ్యాకిలే కొనాలా? బెంగళూరులో ఫ్లైలు కట్టేవాళ్ళు కాస్త చెప్పండి

కోరమంగళ_కొరమీను:
అన్నలూ ఒక డౌటు, కొట్టుకోకుండా చెప్పండి. ఫ్లైలు (హుక్కుకి ఈకలు, దారం చుట్టి పురుగులా చేసే ఎర) కట్టడం ఈమధ్యే మొదలెట్టా. వైస్ (హుక్కుని బిగించి పట్టేది), బాబిన్, దారం, హుక్కులు అన్నీ వచ్చేశాయి, ఈకల దగ్గర ఆగిపోయా. మా ఫిషింగ్ గ్రూపులో ఒక సీనియర్ ఏమంటారంటే అమెరికా నుంచి వచ్చే జెనెటిక్ హ్యాకిల్ (ఈక కోసమే జాతి ఏరి పెంచిన పుంజుల ఈకలు) లేకుండా కడితే అది ఫ్లై కాదు చీపురు అని. ఇంకొకాయనేమో శివాజీనగర్ రస్సెల్ మార్కెట్ వైపు పోయి నాటుకోడి పుంజు మెడ తోలు అడిగి తెచ్చుకో, మిగతా డబ్బులు పెట్రోలుకి దాచుకో అని. రేట్లు చూస్తే ఒక్క ఫుల్ సాడిల్ (పుంజు నడుము ఈకలున్న తోలు) డబ్బులకి నాకు మంచి రీలే వచ్చేట్టుంది. నేను వేసేది ఎక్కువగా చెరువుల్లో జిలేబీ చేపకి, ఎప్పుడన్నా కొరమీనుకి, ఎప్పటికైనా ఊటీ వైపు ట్రౌట్‌కి పోవాలని ఆశ. ఏది తీసుకోమంటారు? నాటుదైతే ఎట్లా ఏరాలి, ఎట్లా శుభ్రం చేయాలి?

హుక్_సైజ్_14:
సీనియర్ మాటలో తప్పేం లేదు బ్రో, కొంచెం కోపంగా చెప్పినట్టున్నారు అంతే. డ్రై ఫ్లై (నీటి మీద తేలేది) నిలబడేది ఈక పోగుల కొనల మీద. పోగు గట్టిగా లేకపోతే రెండుసార్లు విసరగానే తడిసి కూలబడుతుంది. నాటు పుంజు మెడ ఈక ఒకటి తీసి వెలుతురుకి ఎత్తి చూడు, కాడకి రెండు పక్కలా మసకగా దూదిలా ఉంటుందే, దాన్నే వెబ్ అంటారు, నీళ్ళు పీల్చేది అదే. నాటు ఈకలో అది చాలా పైదాకా పాకి ఉంటుంది, మంచి జెనెటిక్ సాడిల్లో దాదాపు ఉండదు. పైగా ఈక ఎంత పొడుగంటే ఒక్కదాంతో మూడు నాలుగు ఫ్లైలు చుట్టొచ్చు, ఆ చివర్నుంచి ఈ చివరిదాకా పోగు ఒకే పొడుగులో ఉంటుంది. ఇదేం ఊరికే రాలేదు, హెన్రీ హాఫ్‌మన్ అనే ఆయన ఏళ్ళ తరబడి ఏరి ఏరి పెంచిన కోళ్ళ జాతిని 1989లో టామ్ వైటింగ్ తీసుకుని కొలరాడోలో ఫారం పెట్టి ఇంకా ముందుకు తీసుకుపోయాడు. అక్కడ కోడిని పెంచేదే ఈక కోసం. ధర చూసి భయపడకు, ఒక్కో ఫ్లైకి ఎంత పడుతుందో లెక్క వేస్కో. ఫుల్ సాడిల్ అక్కర్లేదు, ఒకే సైజు ఈకలు కొన్ని ఉండే చిన్న ప్యాకెట్లు ఉంటాయి, హుక్కు సైజు 14కి ఒకటి 16కి ఒకటి చాలు నీకు.

ఈకలపిచ్చి:
హుక్ గారూ, మీరు చెప్పిందంతా డ్రై ఫ్లై సంగతి, తమ్ముడు వేసేది జిలేబీకి. ఏ ఫ్లై కడతావో తేలకుండా ఏ ఈక అంటే ఎవరం ఏం చెప్తాం.

మన చెరువుల్లో పనికొచ్చేవి తొంభై శాతం నీళ్ళలో మునిగేవే. వూలీ బగ్గర్ (తోకతో, ఒళ్ళంతా ఈక చుట్టిన ఫ్లై), నీటిపురుగు పిల్లల్లాంటి చిన్న చిన్న నింఫులు, మెత్తటి ఈకతో కట్టే సాఫ్ట్ హ్యాకిల్ వెట్ ఫ్లైలు. వూలీ బగ్గర్ ఒంటి చుట్టూ చుట్టే ఈక గట్టిగా ఉంటే అది నీళ్ళలో ముళ్ళకంపలా బిగుసుకుని ఉంటుంది, కదలదు. అక్కడ కావల్సిందే వెబ్ ఉన్న మెత్తటి ఈక, లాగితే ముడుచుకోవాలి ఆపితే విచ్చుకోవాలి, చేప మోసపోయేది ఆ కదలికకే. అంటే మీరు లోపం అంటున్నదే ఇక్కడ గుణం. ఇంకోటి, ఈ జెనెటిక్ కోళ్ళు మార్కెట్లోకి రాకముందు దశాబ్దాల పాటు ఇంగ్లాండు, అమెరికా వాళ్ళు కట్టింది మన దేశం నుంచీ చైనా నుంచీ పోయిన మెడ తోళ్ళతోనే. ఇప్పటికీ అక్కడి షాపుల్లో ఇండియన్ నెక్ అని పేరు పెట్టి అమ్ముతారు. మన కోడిని వాళ్ళు కొనుక్కుంటుంటే మనం వాళ్ళ కోడి కోసం ఏడవడం ఏందో.

ఇక ఏరడం. బ్రాయిలర్ జోలికి పోవద్దు తమ్ముడూ, అది ఆరేడు వారాలకే కత్తికి పోతుంది, మెడ మీద కొనదేలిన పుంజు ఈకలు అప్పటికింకా రానే రావు. ఏడాది దాటిన పుంజు కావాలి. కొట్లో మామూలుగా ఏం చేస్తారంటే కోడిని వేడినీళ్ళలో ముంచి ఈకలు పీకేస్తారు, లేదా పసుపు రాసి మంట మీద కాలుస్తారు, రెండిట్లో ఏది చేసినా మనకి పని అయిపోయినట్టే. కాబట్టి ముందే చెప్పుకోవాలి, నీళ్ళలో ముంచకముందే తల వెనకాల నుంచి భుజాల దాకా మెడ తోలు పొడిగా ఒలిచివ్వమని. కొంచెం వింతగా చూస్తారు, ఇరవయ్యో యాభయ్యో ఎక్కువిస్తే ఒలిచిస్తారు.

తోలు చేతికి తీసుకున్నాక ఒక ఈకని కొన పట్టుకుని పోగుల్ని వెనక్కి దువ్వు, వదిలెయ్యగానే టక్కున లేచి నిలబడితే మంచిది, వాలిపోయి అట్లానే ఉంటే పెట్ట ఈకలా వెట్ ఫ్లైకి పెట్టుకో. పోగుల కొనల్ని పెదవికి ఆనించి చూడు, గుచ్చుకోవాలి (కడిగాకే సుమా, కొట్లో నిలబడి ఈ పని చేయకు). ఈకని హుక్కు వెనక వంచి చూస్తే పోగు పొడుగు హుక్కు నోటి వెడల్పుకి ఒకటిన్నర నుంచి రెండు రెట్లు ఉండాలి. అన్నిటికంటే ముఖ్యం కాడ. వేలికి చుట్టినప్పుడు కాడ పక్కకి మెలి తిరిగినా ఫట్‌మన్నా ఆ ఈక ఎంత అందంగా ఉన్నా పక్కన పడేయి, హుక్కు మీద అది నిన్ను ఏడిపిస్తుంది. మొదలు దగ్గర నీలంగా రసం నిండిన కాడలుంటే అవి ఇంకా పెరుగుతున్న ఈకలు, అలాంటివి ఎక్కువున్న తోలు తీసుకోవద్దు.

శుభ్రం చేయడం రాత్రికి రాస్తా, ఇప్పుడు మీటింగ్ ఉంది.

గోదారోడు_బెంగళూర్లో:
ఆయ్, కోళ్ళ సంగతొచ్చాక మేం లేకుండా ఎలాగండీ. రంగు కోసం బయటికి పోనక్కర్లేదు, మా వైపు పుంజుల్లో లేని రంగు లేదు. మీ పుస్తకాల్లో బ్రౌన్ హ్యాకిల్ అంటే డేగ మెడ, బ్లాక్ అంటే కాకి, తెలుపు రంగెయ్యడానికి సేతువ. క్రీ అని ఒకటుంటుంది చూడండి, ఒక్కో ఈక మీద నలుపు తెలుపు ఎరుపు మూడూ కలిసి ఉండేది, దాని కోసం అక్కడ కొట్టుకుంటారు, మా ఊళ్ళో పూల పుంజు అంటే అదే కదండీ. సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు తెచ్చిన మెడలు నా దగ్గర డబ్బా నిండా ఉన్నాయి.

హుక్_సైజ్_14:
రంగు సరే గోదారి గారూ, పొడుగో? పందెం కోళ్ళు అసీల్ రకం, వాటికి ఈకలే తక్కువ, ఉన్నవీ పొట్టిగా ఒంటికి అతుక్కుని ఉంటాయి. ఒక ఈకతో ఒక ఫ్లై కూడా పూర్తికాదు, రెండు కలిపి చుట్టాలి. పందెం సంగతి నేను మాట్లాడను, అది చట్టరీత్యా నేరం.

గోదారోడు_బెంగళూర్లో:
నేను పందేనికెళ్ళానన్లేదండీ, కూరకెళ్ళా. రెండు ఈకలు కలిపి చుట్టడం పాతకాలం నుంచీ ఉన్నదే, దానికేం బెంగ. కానీ పొట్టివన్న మాట నిజమే, మామూలు పెరటి పుంజు మెడే పొడుగుంటుంది.

జయనగర్_పిన్ని:
మీ మగవాళ్ళందరూ ఈక పొడుగు కొలుచుకుంటున్నారు గానీ అది ఇంట్లోకి ఎట్లా తెస్తున్నారో ఎవరూ మాట్లాడరే? మా ఆయన ఒకసారి పచ్చి తోలు కవర్లో చుట్టి ఫ్రిజ్‌లో దోసెపిండి పక్కన పెట్టారు. బర్డ్ ఫ్లూ రోజుల్లో కొట్ల నుంచి పచ్చి తోళ్ళు తేవడం నాకు నచ్చదు, చేతికి గ్లవుజులుండాలి, ముక్కుకి మాస్కుండాలి, వంటింట్లో కాకుండా బయట చేయాలి. నేను కూడా కడతాను, నా ఓటు మాత్రం ప్యాకెట్ ఈకలకే. వాటికి పురుగు సమస్య తక్కువ.

ఈకలపిచ్చి:
పిన్నిగారూ గ్లవుజుల మాట నూటికి నూరుపాళ్ళు ఒప్పుకుంటా, చుట్టుపక్కల బర్డ్ ఫ్లూ వార్త ఉన్నప్పుడు అసలు తేవద్దు. పురుగు విషయంలో మాత్రం కాదు, ప్యాకెట్ అయినా ఎవరో ఇచ్చిన పాత తోలైనా కొత్తగా ఇంటికొచ్చిన ఏ ఈకనీ తిన్నగా పాత వాటితో కలపకూడదు.

తమ్ముడూ శుభ్రం చేసే పద్ధతి ఇది. గోరువెచ్చని నీళ్ళలో గిన్నెలు తోమే లిక్విడ్ కొన్ని చుక్కలు, తోలు ముంచి ఈకలు ఉన్న దిశలోనే మెల్లగా చేత్తో నిమరాలి, ఎదురు రుద్దితే పోగులు చెదురుతాయి. రక్తం ఉంటే ముందు చన్నీళ్ళతో, వేడినీళ్ళు పోస్తే అది పట్టేసుకుంటుంది. నురగ పోయేదాకా మంచినీళ్ళు మార్చి, పాత తువ్వాలులో అద్ది, ఈకలు కిందికి తోలు పైకి వచ్చేట్టు అట్టముక్క మీద పరిచి గుండుసూదులు గుచ్చు. ఇక్కడే అందరూ తొందరపడేది. తోలు మీద పసుపుపచ్చగా కొవ్వు ఉంటుంది, మొద్దు కత్తితో ఓపిగ్గా గీకి మొత్తం తీసెయ్యాలి, అది మిగిలితే కొన్నాళ్ళకి కమురు కంపు, దాని వెనకాలే పురుగు. గీకాక వెలిగారం పొడి తోలంతా దట్టంగా రుద్ది నీడలో ఆరబెట్టు, తడి పీల్చి గడ్డకట్టిన పొడి దులిపేసి మళ్ళీ కొత్తది చల్లు. పిల్లలకీ వంటసామానుకీ దూరం. ఎండలో పెట్టకు, రంగు వెలిసిపోతుంది. తోలు అట్టలా గట్టిపడ్డాక జిప్ లాక్ కవర్లో వేసి రెండు వారాలు ఫ్రీజర్లో, బయటికి తీసి ఒకరోజు గది వేడిలో ఉంచి మళ్ళీ ఫ్రీజర్లో. మొదటిసారి చావని గుడ్లేమన్నా పొదిగితే రెండోసారి పోతాయి. దోసెపిండి పక్కన మాత్రం వద్దు. తర్వాత గట్టి మూత డబ్బా. కలరా ఉండలు కొందరు వేస్తారు, నాకు ఆ వాసన ఫ్లైకి పట్టడం ఇష్టం ఉండదు.

కోరమంగళ_కొరమీను:
సూపర్ అన్నా. ఇంకో రెండు. చెరువు గట్టు మీద కొంగలవీ నీటికాకులవీ ఈకలు బోలెడు పడుంటాయి, ఏరుకుంటే ఫ్రీయే కదా? అలాగే జంగిల్ కాక్ అని వీడియోల్లో చూశా, మెరిసే కన్నులాంటి చుక్కలుండేది, అది మన అడవికోడే అంట, మనకే ఈజీగా దొరకాలి మరి?

చట్టం_చదివినోడు:
రెండూ వద్దు. ఆ కోడి మన పడమటి కనుమల గ్రే జంగిల్‌ఫౌల్, వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 కింద రక్షణ ఉన్న పక్షి. చుక్కలున్న ఆ మెడ ఈకల కోసమే ఒకప్పుడు వేటాడి విదేశాలకి పంపేవాళ్ళు. ఆ చట్టంలో ట్రోఫీ అన్న మాటకి ఇచ్చిన నిర్వచనంలో ఈక కూడా ఉంది, కాబట్టి అడవి పక్షి ఈక రాలిందే అయినా ఏరుకుని డబ్బాలో దాచుకుంటే రేపు నువ్వే సమాధానం చెప్పుకోవాలి. నెమలి ఒక్కటే వేరు, తోక ఈకలకి దేశం లోపల మినహాయింపు ఉంది, అందుకే గుళ్ళ దగ్గర అమ్ముతారు. కానీ ఎగుమతి నిషేధం, నెమలి హెర్ల్‌తో (తోక ఈక పోగులతో) కట్టిన నింఫు విదేశంలో ఉన్న ఫ్రెండుకి పోస్ట్ చేసే ముందు అది గుర్తుంచుకో. బయటి నుంచి ఈకలు తెప్పించడానికీ పశుసంవర్ధక శాఖ శానిటరీ పర్మిట్ రూల్సున్నాయి, చూసుకుని ఆర్డర్ పెట్టు.

ఈకలపిచ్చి:
ఈకల పిచ్చి ఎంతదాకా పోతుందంటే 2009 జూన్‌లో ఇంగ్లాండులో ట్రింగ్ అనే ఊరి మ్యూజియంలోంచి ఎడ్విన్ రిస్ట్ అనే సంగీతం స్టూడెంటు 299 పక్షి తోళ్ళు సూట్‌కేసులో వేసుకుపోయాడు, సాల్మన్ ఫ్లైలు కట్టేవాళ్ళకి అమ్మడానికి. అందులో ప్రకృతి శాస్త్రవేత్త ఆల్‌ఫ్రెడ్ రస్సెల్ వాలెస్ సేకరించినవి కూడా ఉన్నాయి. ఇన్నీ చేసి ఆ ఫ్లైలతో చాలామంది చేపే పట్టరు, అద్దాల పెట్టెలో పెట్టుకుంటారు. నీకు ఆ కన్నే కావాలంటే కాకి పుంజు మెడ ఈక కొన మీద తెల్ల నెయిల్ పాలిష్ చుక్క పెట్టి, ఆరాక దాని మీద పసుప్పచ్చది చిన్న చుక్క పెట్టు. చేప అడగదు.

హుక్_సైజ్_14:
చేప అడగదు అన్నది అన్నిటికీ వాడేస్తున్నారు మీరు. ఊటీ ట్రౌట్ అడుగుతుంది. నిలకడ నీళ్ళలో కింద నుంచి వచ్చి ముక్కు ఆనించేంత దగ్గరగా చూసి వెనక్కి పోయిందంటే మీ నాటు మెడ ఫ్లై పక్కకి ఒరిగి తేలుతోందని అర్థం. ఇంకోటి, ఈకలన్నీ సబ్బుతో కడగమని జనరల్‌గా చెప్పకండి, బాతు తోక దగ్గర నూనె గ్రంథి చుట్టూ ఉండే సీడీసీ ఈకల్ని సబ్బుతో కడిగితే వాటి నూనె పోయి ఇంకేం తేలతాయి?

ఈకలపిచ్చి:
నేను చెప్పింది కోడి తోలుకి. సీడీసీ తేలేది నూనె ఒక్కదాని వల్లే కాదు హుక్ గారూ, ఆ పోగుల మీద ఉండే సన్నటి నూగు పోగులు గాలి బుడగల్ని పట్టి ఉంచుతాయి, అసలు బలం అది. రంగేసిన సీడీసీ అమ్ముతున్నారుగా, రంగు పట్టాలంటే ముందు జిడ్డు తీయాల్సిందే, అయినా తేలుతున్నాయి. అయినా ఊరికే కడగమని నేనూ అనను, మురికి లేకపోతే వదిలెయ్యండి. ట్రౌట్ డ్రై ఫ్లైకి మీ సాడిల్ మేలని ఒప్పుకుంటా, ఎప్పుడూ కాదన్లేదు. కానీ దాని మీదే ఆధారపడితే ఏమవుతుందో 2011లో చూశాం కదా, అమెరికాలో ఆడపిల్లలు జుట్టులో గ్రిజ్లీ (నలుపు తెలుపు చారల) ఈకలు పెట్టుకునే ఫ్యాషన్ వచ్చేసరికి ఫ్లైలు కట్టేవాళ్ళకి సాడిల్ దొరకలేదు, రేట్లు ఆకాశానికి పోయాయి.

హుక్_సైజ్_14:
2011 ఫ్యాషన్ ఎప్పుడో పోయింది, నాటు మెడలో వెబ్ మాత్రం ఇంకా అక్కడే ఉంది.

జయనగర్_పిన్ని:
😀

కోరమంగళ_కొరమీను:
సరే ఆదివారం పొద్దున్నే శివాజీనగర్ పోతా, గ్లవుజులు తీసుకునే పోతా పిన్నిగారూ. పుంజు మెడ ఒక్కటేనా, పెట్టది కూడా అడగనా?

ఈకలపిచ్చి:
పెట్టది తప్పకుండా అడుగు, గోధుమరంగు మచ్చలున్నది దొరికితే వదలకు, సాఫ్ట్ హ్యాకిల్‌కి అదే. ఈక రెండే చుట్లు, ఎక్కువ చుట్టకు. పుంజు నడుము మీద వేలాడే ఈకలు కూడా తోలుతో సహా అడిగి తీసుకో, వూలీ బగ్గర్‌కి మెడ కంటే అవే పొడుగు.

హుక్_సైజ్_14:
ఊటీ డేట్ ఫిక్సయితే ఇక్కడే మెసేజ్ పెట్టు బ్రో, నా దగ్గర 16 సైజు ప్యాకెట్ సగం ఉంది, ఇస్తా. రెండూ పక్కపక్కన కట్టి గ్లాసు నీళ్ళలో వేసి ఫోటో ఇక్కడ పెట్టాలి మరి, అదే షరతు.