హెచ్4 ఈఏడీ ఆటోమేటిక్ ఎక్స్‌టెన్షన్ తీసేయడం న్యాయమేనా? ఉద్యోగం ఆగిపోయినవాళ్లు చెప్పండి

మధుర_ఛార్లెట్ (చర్చ మొదలుపెట్టినవారు):
నా ఈఏడీ (అమెరికాలో పని చేసుకునే అనుమతి) కార్డు గడువు ఫిబ్రవరి 14న తీరింది. ఆ రోజు నుంచి ఇంట్లోనే ఉన్నాను, ఇది తొమ్మిదో వారం. కార్డు వచ్చేదాకా జీతం లేని సెలవని, 90 రోజులు దాటితే పోస్టు ఉంటుందని చెప్పలేమని హెచ్ఆర్ మెయిల్ పెట్టింది.

తెలియనివాళ్ల కోసం కొంచెం వివరంగా చెప్తాను. హెచ్1బీ ఉద్యోగ వీసా వాళ్ల భార్యలకి, భర్తలకి హెచ్4 వీసా ఇస్తారు, వాళ్లలో కొందరికి పని చేసుకునే అనుమతి 2015 మే 26 నుంచి ఉంది. హెచ్1బీ ఉన్నవారికి ఐ-140 (గ్రీన్‌కార్డు కోసం వేసే పిటిషన్) అప్రూవ్ అయి ఉంటేనో, ఆరేళ్లు దాటాక హెచ్1బీ పొడిగించి ఉంటేనో ఇస్తారు. రిన్యువల్ ఆలస్యమైతే ఉద్యోగాలు పోకూడదని, టైమ్‌కి అప్లై చేసుకున్న చాలా కేటగిరీలవాళ్లకి పాత కార్డు మీదే పని చేసుకునే వీలుండేది. ముందు 180 రోజులు, 2022 మే నుంచి 540 రోజులు. ఆ 540ని 2025 జనవరి 13 నుంచి శాశ్వతం చేశారు. అదే ఏడాది అక్టోబరు 29న తీసేస్తున్నామన్నారు, 30 నుంచి అమలు. ముందస్తు నోటీసు లేదు, ప్రజల అభిప్రాయాలు కూడా అమలు మొదలయ్యాకే అడిగారు. అక్టోబరు 30కి ముందు ఫైల్ చేసినవాళ్లకి పాత రూలే వర్తిస్తుంది. నా అప్లికేషన్ చేరింది నవంబరు 4న.

అయిదు రోజుల తేడా. అయిదు నెలలైంది, కార్డు ఇంకా రాలేదు. ఇది న్యాయమేనా?

సిరి_ఎడిసన్:
మాదీ ఇదే కథ అక్కా. మార్చి 2 నుంచి ఇంట్లోనే. పాపని డేకేర్ మాన్పించేశాం.

వాసు_ఫ్రిస్కో:
అందరూ ఒక విషయం మర్చిపోతున్నారు. హెచ్4 వాళ్లకి ఆ 540 రోజులు ఎప్పుడూ పూర్తిగా దొరకలేదు. ఐ-94 (దేశంలో ఎన్నాళ్లు ఉండొచ్చో చెప్పే రికార్డు) ఎప్పటిదాకా ఉంటే ఎక్స్‌టెన్షన్ కూడా అప్పటిదాకే. చాలామందికి ఐ-94, ఈఏడీ ఒకే రోజు ముగుస్తాయి. వాళ్లకి పాత రూల్ ఉన్నా ఒక్క రోజు కూడా కలిసొచ్చేది కాదు. కాబట్టి గవర్నమెంట్ ఏదో లాక్కుందని అనేముందు మీ ఐ-94 తేదీ చెప్పండి మధుర గారూ.

మధుర_ఛార్లెట్:
2028 జులై.

మా ఆయన గత జులైలో కంపెనీ మారారు. అక్టోబరులో హైదరాబాద్ వెళ్లి వీసా స్టాంపింగ్ చేయించుకుని 27న తిరిగొచ్చాను, అప్పుడే కొత్త ఐ-94 ఇచ్చారు. అది చేతిలో పెట్టుకునే ఈఏడీకి అప్లై చేశాం. పాత రూలే ఉంటే ఇవాళ ఆఫీసులో ఉండేదాన్ని. ఇక చెప్పండి వాసు గారూ.

వాసు_ఫ్రిస్కో:
సరే, మీ కేసు వేరు. ఒప్పుకుంటాను. కానీ ఫిబ్రవరి 14న ముగిసే కార్డుకి 180 రోజుల ముందు, అంటే ఆగస్టు 18 నుంచే అప్లై చేయొచ్చు. ఐ-539 (హెచ్4 పొడిగింపు ఫారం), ఐ-765 (ఈఏడీ ఫారం) రెండూ కలిపి ఆగస్టులో పంపి ఉంటే పాత రూల్‌లోనే ఉండేవారు. నవంబరు దాకా ఎందుకు ఆగారు?

మధుర_ఛార్లెట్:
లాయర్ ఆగమన్నారు కాబట్టి. భర్త హెచ్1బీని ప్రీమియం (అదనపు ఫీజుతో త్వరగా చూసే పద్ధతి)లో వేస్తే, దాంతో పాటే మా హెచ్4, ఈఏడీ కూడా చూసే ఏర్పాటు ఒక కోర్టు ఒప్పందం వల్ల ఉండేది. అది 2025 జనవరిలో ముగిసింది. ఐ-539 వేస్తే ఎన్ని నెలలు పడుతుందో తెలియదు, స్టాంపింగ్‌కి వెళ్తే కొత్త ఐ-94 ఒకేసారి వస్తుంది, పైగా 540 రోజులు ఉన్నాయిగా, టెన్షన్ వద్దన్నారు. అప్పటి రూల్ ప్రకారం అది మంచి సలహానే. తిరిగొచ్చాక పేపర్లు పంపడానికి ఆ లాయర్ ఆఫీసుకి వారం పట్టింది. అప్పుడు వారం అంటే ఎవరికీ లెక్కలోకి రాలేదు.

వాసు_ఫ్రిస్కో:
అదే నేను చెప్పేది. గవర్నమెంట్ ఇచ్చే వెసులుబాటు మీద లెక్క వేసుకోకూడదు. రూల్‌లో శాశ్వతం అన్నమాటకి అర్థం లేదు. 180 రోజుల ముందు పంపేవాడు ఎప్పుడూ నష్టపోడు.

సిరి_ఎడిసన్:
మేం 180 రోజుల ముందే పంపాం అండీ. సెప్టెంబరు 3న. ఐ-539 ఇంకా పెండింగ్, ఐ-94 అయిపోయింది. మీరే అన్నారుగా, మాలాంటివాళ్లకి పాత రూల్ కూడా పనికిరాదని. మరి ముందే పంపితే నష్టపోరని ఎలా అంటారు?

ఓరుగల్లు_కార్తీక్:
నా మాట చాలామందికి నచ్చదు. అయినా చెప్తాను. ఈ రూల్ మీద నాకు బాధ లేదు.

నేను డెంటన్‌లో ఎంఎస్ చేశాను. మూడేళ్ల ఓపీటీ (చదువయ్యాక పని చేసుకునే అనుమతి), మూడు హెచ్1బీ లాటరీలు, ఒక్కసారి కూడా పేరు రాలేదు. మొదటిసారి వేసిన 2023 మార్చిలో 7.8 లక్షల రిజిస్ట్రేషన్లు పడ్డాయి, ఉన్న వీసాలు 85 వేలు. ఒక్కొక్కరికి నాలుగైదు కంపెనీల నుంచి వేయించిన కన్సల్టెన్సీలు ఎవరివో మనందరికీ తెలుసు. రిక్రూటర్ ఫోన్ చేస్తే మొదటి ప్రశ్న స్టేటస్ ఏంటని. ఓపీటీ అనగానే మళ్లీ చేస్తామనేవారు. నా క్లాస్‌మేట్ హెచ్4 ఈఏడీలోకి మారింది. అదే రెజ్యూమె, స్పాన్సర్ చేయక్కర్లేదు కాబట్టి రెండు వారాల్లో ఆఫర్. నేను 2025లో సామాన్లు సర్దుకుని వచ్చేశాను. ఇప్పుడు గచ్చిబౌలిలో ఉంటున్నాను, నాన్న చేసిన అప్పు ఇంకా కడుతున్నాను. లాటరీ కూడా వేయక్కర్లేకుండా పని చేసుకున్నవాళ్లు రెండు నెలలు ఇంట్లో కూర్చోవలసి వస్తే దాన్ని అన్యాయం అనలేను.

మధుర_ఛార్లెట్:
కార్తీక్, నీ లాటరీకి నా కార్డు రెండు నెలలు ఆగడానికి సంబంధం ఏంటి తమ్ముడూ? నేను ఇంట్లో కూర్చుంటే నీ సీటు తిరిగొస్తుందా?

ఓరుగల్లు_కార్తీక్:
రాదు. మీరు న్యాయమేనా అని అడిగారు. న్యాయం ఎక్కడ మొదలుపెట్టి లెక్కవేయాలన్నదే నా ప్రశ్న.

రవికాంత్_ఎన్‌జే:
హెచ్4 ఈఏడీనే ఎత్తేయాలని 2015లో వేసిన కేసుని అమెరికా సుప్రీం కోర్టు 2025 అక్టోబరు 14న విచారణకి తీసుకోలేదు. అసలు ఈఏడీ నిలబడింది, దానికి సంతోషించండి.

వాసు_ఫ్రిస్కో:
కార్తీక్ చెప్పిన దాంట్లో నిజం ఉంది. ఇది హక్కు కాదు, వెసులుబాటు. సెక్యూరిటీ చెకింగ్ పూర్తికాకుండా పొడిగించకూడదని డీహెచ్ఎస్ (హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖ) చెప్పింది. కొలరాడోలోని బౌల్డర్‌లో దాడి చేసినవాడి విషయం కూడా ప్రస్తావించింది.

మధుర_ఛార్లెట్:
అక్టోబరులో కాన్సులేట్‌లో వేలిముద్రలు తీసుకుని, అన్నీ చూసుకునే వీసా ఇచ్చారు. నెల తిరక్కుండానే నన్ను మళ్లీ చెక్ చేయాలంటే చేసుకోమనండి, నాకేం అభ్యంతరం లేదు. కానీ వాళ్ల చెకింగ్ ఆలస్యమైతే నా జీతం ఎందుకు ఆగాలి?

ఒక్క మాట అడుగుతాను వాసు గారూ. మీ హెచ్1బీ ఎక్స్‌టెన్షన్ టైమ్‌కి ఫైల్ చేసి, పాత గడువు దాటినా అప్రూవల్ రాలేదనుకోండి. మీరు ఉద్యోగం మానేస్తారా?

వాసు_ఫ్రిస్కో:
అది వేరే సెక్షన్. అదే ఎంప్లాయర్ దగ్గర 240 రోజులు పని చేసుకోవచ్చు.

మధుర_ఛార్లెట్:
అక్టోబరు 30 తర్వాత కూడా?

వాసు_ఫ్రిస్కో:
అవును. దాన్ని ముట్టుకోలేదు.

మధుర_ఛార్లెట్:
ఒకే ఇంట్లో, ఒకే ఇమిగ్రేషన్ ఆఫీసు ఆలస్యానికి, మా ఆయనకి 240 రోజులు, నాకు సున్నా. నేను అడుగుతున్నది ఇదే. పొద్దున్నుంచి మీరు తేదీలు అడుగుతున్నారు, నేను చెప్తున్నాను.

వాసు_ఫ్రిస్కో:
ఎందుకంటే ఆయన ప్రైమరీ, మీరు డిపెండెంట్. వీసా పేరులోనే ఉంది. ఒక జీతం మీద బతకగలమనుకునే కదా హెచ్4 మీద వస్తాం. రెండు జీతాలు చూసుకుని ఇల్లు కొనేసి, ఒకటి ఆగగానే అన్యాయం అంటే ఎలా?

మా ఆవిడ 2009లో వచ్చింది. గుంటూరులో లెక్చరర్‌గా చేసేది. ఇక్కడ ఆరేళ్లు ఇంట్లో ఉంది, అప్పుడు ఈఏడీ అన్న మాటే లేదు. ఎవరం ఇలా గొడవ చేయలేదు. పిల్లల్ని పెంచింది, ఇల్లు చూసుకుంది. మేం బాగానే ఉన్నాం.

సిరి_ఎడిసన్:
2015లో ఈఏడీ వచ్చాక ఆవిడ మళ్లీ ఉద్యోగం చేశారా వాసు గారూ?

వాసు_ఫ్రిస్కో:
ప్రయత్నించింది. ఆరేళ్ల గ్యాప్ గురించి ప్రతి ఇంటర్వ్యూలో అడిగేవారు. వదిలేసింది. కానీ అది మా ఇంటి విషయం, ఇక్కడ అనవసరం.

మధుర_ఛార్లెట్:
అనవసరం కాదు. ఆరేళ్ల గ్యాప్ ఏం చేస్తుందో మీ ఇంట్లోనే చూశారు. నాకు అదే మొదలవుతుందని భయం. 90 రోజులు దాటితే పోస్టు పోతుంది, మళ్లీ వెతుక్కోవాలి, ఆలోపు కొత్త కార్డు సగం కాలం అయిపోతుంది.

ఇల్లు అన్నారు. మేం ఇల్లు కొనలేదు, అపార్ట్‌మెంట్‌లో అద్దెకి ఉంటున్నాం. నా జీతంలోంచి నెలనెలా ఒంగోలుకి డబ్బు పంపుతాను, మా అమ్మకి వారానికి మూడు రోజులు డయాలిసిస్. ఈ రెండు నెలలు మా ఆయన్ని అడిగి పంపాను. ఆయన ఒక్క మాట అనలేదు, మంచివారు. అయినా మా అమ్మ మందుల కోసం నేను అడగాల్సి వచ్చింది. డిపెండెంట్ అంటే ఏంటో నాకు ఆ రోజు తెలిసింది. మీరు దాన్ని వీసా పేరు అంటున్నారు.

ఓరుగల్లు_కార్తీక్:
అక్కా, అమ్మగారి సంగతి నాకు తెలియదు. నా మాట వెనక్కి తీసుకోను, కానీ రెండు నెలలు ఇంట్లో కూర్చోవడం అని తేలిగ్గా అన్నాను. అది తప్పు.

వాసు_ఫ్రిస్కో:
మీ అమ్మగారు కోలుకోవాలని కోరుకుంటున్నాను మధుర గారూ. కానీ నేను మాట్లాడుతున్నది రూల్ గురించి. మా ఆవిడ త్యాగం చేసింది కాబట్టే మేమంతా నిలబడ్డాం. దాన్ని తప్పు అన్నట్టు మాట్లాడితే నాకు కష్టంగా ఉంటుంది.

మధుర_ఛార్లెట్:
ఆవిడ చేసింది తప్పని నేనెక్కడా అనలేదు. ఆవిడకి వేరే దారి లేదు, ఆ దారి ఉండాల్సిందంటున్నాను. మీరు ఆవిడ్నే ఒకసారి అడగండి, 2009లో కార్డు ఇస్తామంటే ఏం చేసేవారని. ఇక్కడ రాయక్కర్లేదు.

సిరి_ఎడిసన్:
మధురక్కా, ఆర్థిక ఇబ్బంది కింద ఎక్స్‌పెడైట్ (త్వరగా చూడమనే) రిక్వెస్ట్ పెట్టారా? మేం హెచ్ఆర్ లెటర్ జతచేసి పెట్టాం, ఇంకా జవాబు లేదు.

మధుర_ఛార్లెట్:
పెట్టాను సిరీ. పోయిన వారం మా కాంగ్రెస్ సభ్యుడి ఆఫీసుకి కూడా రాశాను, ప్రైవసీ ఫారం మీద సంతకం పెట్టి పంపమన్నారు, పంపాను. నువ్వూ రాయి.

నరేష్_అర్వింగ్:
మొత్తం చదివాను, కొత్తవాణ్ణి. మా ఆవిడ ఈఏడీ ఆగస్టు 19న అయిపోతుంది, ఐ-94 2027 దాకా ఉంది. మే నెలలో ఊరికి వెళ్లొచ్చాక అప్లై చేద్దామనుకున్నాం. ఆగొచ్చా?

వాసు_ఫ్రిస్కో:
ఆగొద్దు. ఫిబ్రవరి 20 నుంచే మీకు అవకాశం ఉంది, ఇప్పటికే దాదాపు రెండు నెలలు పోయాయి.

మధుర_ఛార్లెట్:
ఇవాళే పంపండి నరేష్ గారూ. లాయర్ ఆఫీసు వచ్చే వారం అంటే ఒప్పుకోకండి, ఫొటోలు ఈ సాయంత్రమే తీయించండి.