ది అవర్స్‌లో ఆ కేకు గొడవేంటి?

నిన్న రాత్రి ది అవర్స్ (2002) సినిమా చూశా, 1923లో ఇంగ్లాండ్‌లో రచయిత్రి వర్జీనియా వుల్ఫ్ మిసెస్ డాలోవే నవల రాస్తుంటుంది, 1951లో లాస్ ఏంజెలెస్‌లో లారా అదే చదువుతుంటుంది, 2001లో న్యూయార్క్‌లో క్లారిస్సా పార్టీకి పూలు కొంటుంది, సరే అర్థమైంది, కానీ లారా ఆ కేకు ఎందుకు పారేసింది? కాస్త వంకరగా వచ్చింది, అంతేగా!

— కేకు కాదు బాసూ పాయింటు. మొగుడి బర్త్‌డే, బుడ్డోడు పక్కనే పిండి జల్లిస్తున్నాడు, పైకి అంతా బానే ఉన్నా ఆవిడకి ఊపిరాడట్లేదు. అన్నట్టు వుల్ఫ్ మిసెస్ డాలోవేకి ముందు అనుకున్న పేరు కూడా ది అవర్సే.

— స్పాయిలర్: ఆ బుడ్డోడే పెద్దయ్యాక రిచర్డ్, అదే క్లారిస్సా ఎవరికోసం పార్టీ ఇస్తోందో ఆ కవి. ఇప్పుడు మళ్ళీ చూడు.

— నేనైతే వుల్ఫ్ వేషంలో ఆ పెట్టుడు ముక్కుతో నికోల్ కిడ్మన్‌ని చాలాసేపు గుర్తే పట్టలేదు, ఆస్కార్ ఊరికే ఇవ్వలేదులే.